యునాన్ దియన్‌హోంగ్: పాలు పోయకుండా, మరిగించకుండా

దియన్‌హోంగ్ అనే చైనా టీ ఆకును గిన్నెలో వేసి స్టవ్ మీద మరిగించకండి. అన్నిటికంటే ముందు ఈ మాట ఎందుకంటే, నేను చేసిన మొదటి పని అదే. మా తమ్ముడు ఆఫీసు పని మీద చైనా వెళ్లి, యునాన్ రాజధాని కున్‌మింగ్‌లో కొన్నానంటూ 100 గ్రాముల ప్యాకెట్ ఒకటి తెచ్చిచ్చాడు. అలవాటు ప్రకారం రెండు చెంచాలు నీళ్లలో వేసి, అల్లం దంచి, పాలు పోసి మూడు పొంగులు రానిచ్చాను. రంగు రాలేదు, చిక్కదనం లేదు, ఏదో ఉడికిన గడ్డి రుచి. ఆకు తక్కువైందేమో అనుకుని రోజూ ఇంకాస్త పెంచుతూ పోయాను, సగం ప్యాకెట్ అలా పాలల్లో కలిసిపోయింది. ఒకరోజు పాలు విరిగిపోతే, ఉత్త వేడినీళ్లలో కాస్త ఆకు వేసి మూత పెట్టాను. రెండు నిమిషాలాగి మూత తీశాను కదా, నిప్పుల్లో కాల్చిన చిలగడదుంప తొక్క ఒలిచినప్పుడు వచ్చే వాసన గుప్పుమని కొట్టింది. ఆ వాసన ఆకుదే. పాలల్లో మరిగించి నేను పోగొట్టుకున్నది అదే.

మీకు అలా పోకూడదని, చేత్తో చేసి నేర్చుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను.

దియన్ అంటే చైనాలో యునాన్ రాష్ట్రానికున్న పొట్టి పేరు, హోంగ్ అంటే ఎరుపు. మనం బ్లాక్ టీ అనేదాన్ని చైనావాళ్లు హోంగ్‌ఛా, అంటే ఎర్ర టీ అంటారు. ఇంగ్లీషువాళ్లు ఎండిన ఆకు రంగు చూసి పేరు పెడితే, వీళ్లు కప్పులో దిగిన రంగు చూసి పెట్టారు. వాళ్ల దగ్గర నల్ల టీ, అంటే హెయ్‌ఛా, అనేది పూర్తిగా వేరే రకం, మాగబెట్టి చేసేది. కాబట్టి కొనేటప్పుడు పేరు సరిగ్గా చూసుకోండి. ఇంకో తికమక మన ఇళ్లలోది: మన దగ్గర బ్లాక్ టీ అంటే పాలు పోయని టీ అని అర్థం స్థిరపడిపోయింది. నిజానికి ఆ పేరు ఆకును తయారుచేసే పద్ధతికి చెందింది. కోసిన ఆకును వాడబెట్టి, నలిపి, గాలి తగిలి ఎర్రబడేదాకా ఉంచి, ఆపైన ఆరబెడితే బ్లాక్ టీ. తరిగిన వంకాయ ముక్క నీళ్లలో వేయకపోతే నల్లబడుతుంది కదా, టీ ఆకులో జరిగేదీ ఆ పనే. కాకపోతే టీ చేసేవాళ్లు దాన్ని ఎప్పుడు ఆపాలో తెలిసి ఆపుతారు.

మాటల ముచ్చట వచ్చింది కాబట్టి ఒక్క ముక్క. చైనాలో ఫుజియన్ తీరం వాళ్లు ఈ ఆకును ‘తే’ అంటారు. అది డచ్చి వర్తకుల ఓడలెక్కి యూరప్ వెళ్లి టీ అయింది, మన తేయాకులో ఉన్న ‘తే’ కూడా అదే. చైనాలో మిగతా చాలా చోట్ల ‘ఛా’ అంటారు, అది పర్షియా వైపు వెళ్లి చాయ్ అయింది. హైదరాబాద్‌లో చాయ్ అడిగినా, విజయవాడలో టీ అడిగినా రెండు మాటలూ చైనావే. నాకు ఈ సంగతి తెలిసిన రోజు ఎంత సంతోషమేసిందో.

దియన్‌హోంగ్ వేల ఏళ్ల నాటిదేమీ కాదు. యునాన్ అడవుల్లో టీ చెట్లు ఎప్పటి నుంచో ఉన్నాయి, కానీ వాటితో ఎర్ర టీ పెద్ద ఎత్తున చేయడం 1938-39లోనే మొదలైంది. 1937లో జపాన్‌తో యుద్ధం మొదలయ్యాక తూర్పు చైనాలో ఎగుమతికి టీ పండించే జిల్లాలు ఒక్కొక్కటే చేజారుతుంటే, విదేశీ డబ్బు కావాలంటే ఇంకెక్కడో టీ చేయాలి. అప్పుడు ఫెంగ్ షావోచియు అనే టీ నిపుణుణ్ని యునాన్‌లోని షున్నింగ్ అనే కొండ ఊరికి పంపించారు, ఇప్పుడు దాన్ని ఫెంగ్‌చింగ్ అంటారు. ఆయన అక్కడి పెద్దాకు చెట్ల నుంచి కోయించిన ఆకుతో ఎర్ర టీ నమూనా చేసి చూపించాడు, 1939లో మొదటి సరుకు హాంకాంగ్ మీదుగా లండన్‌కు వెళ్లింది. ఈ రోజుకీ దియన్‌హోంగ్ అంటే ముందు గుర్తొచ్చే ఊరు ఫెంగ్‌చింగే.

ఆ పెద్దాకు చెట్టు సంగతే మనకు ముఖ్యం. చైనా టీలు చాలావరకు చిన్నాకు జాతివి, సున్నితంగా ఉంటాయి. యునాన్‌ది అస్సామికా జాతి, అంటే మన కిరాణా కొట్టులో దొరికే అస్సాం టీ పొడి ఏ జాతి చెట్టు నుంచి వస్తుందో ఆ జాతే. అందుకే పాల టీకి అలవాటుపడ్డ నాలుకకు చైనా టీ మొదలుపెట్టాలంటే నేను ఎప్పుడూ దీన్నే చెప్తాను. దగ్గరి చుట్టమే, పెరిగిన ఇల్లు వేరు, అంతే. మన టీ పొడిలో ఎక్కువ భాగం సీటీసీ. అస్సాంలో 1930ల్లో వచ్చిన మెషీన్ పద్ధతి అది, ఆకును నలిపి, చీల్చి, గుండ్రంగా చుట్టి రవ్వలా చేస్తుంది. రవ్వ కాబట్టి నీళ్లు తగలగానే రంగు, చిక్కదనం రెండూ ఒక్కసారిగా దిగిపోతాయి. మంచి దియన్‌హోంగ్‌లో ఆకు ముక్కలవ్వదు, మెలితిరిగి ఉంటుంది, నీళ్లలో మెల్లగా విచ్చుకుంటూ ఒక్కో విడతకు కొంచెం కొంచెంగా ఇస్తుంది. మరిగిస్తే వాసనంతా ఆవిరితో పోయి, గిన్నెలో వగరు మిగులుతుంది.

ఈ టీలో నేర్చుకోవాల్సింది నిజానికి ఈ వగరు గురించే. మనం ఈ విషయంలో అదృష్టవంతులం, ఉగాది పచ్చడి తిన్న ప్రతి తెలుగు పిల్లకూ పిల్లాడికీ వగరు అంటే చేదు కాదని తెలుసు. నేరేడు పళ్లు నాలుగు తిన్నాక నాలుక మొద్దుబారి పొడిపొడిగా అయ్యేది వగరు, వక్కపలుకు నమిలితే బుగ్గలు లోపలికి పీక్కున్నట్టయ్యేదీ వగరే. టీలో ఉండే పాలీఫినాల్స్ అనే పదార్థాలు మన లాలాజలంలోని ప్రొటీన్లను పట్టేసుకోవడం వల్ల ఆ పొడిదనం వస్తుంది. పాలు పోసినప్పుడు ఆ పాలీఫినాల్స్‌ను పాలలోని ప్రొటీన్ ముందే పట్టేస్తుంది, అందుకే మన టీని ఎంత మరిగించినా పాలు కాపాడతాయి. పాలు లేని టీని కాపాడాల్సింది టైమ్. ఎన్ని సెకన్లు ఉంచామన్నదాన్ని బట్టే వగరు ఎంత దిగాలో తేలుతుంది.

అలాగని వగరు అస్సలు లేకుండా చేస్తే టీ చప్పగా, చెరకు కడిగిన నీళ్లలా అయిపోతుంది. ఉసిరికాయ నమిలి, మీదట మంచినీళ్లు తాగి చూడండి, గొంతులో తీపి వస్తుంది. మంచి దియన్‌హోంగ్ చేసేది సరిగ్గా ఆ పనే. ముందు నాలుక పక్కల్ని వగరు సన్నగా తాకి కరిగిపోవాలి, మింగిన కాసేపటికి గొంతు వెనకనుంచి తీపి రావాలి. చైనావాళ్లు దీన్ని హుయ్‌గాన్ అంటారు, తిరిగొచ్చే తీపి అని. కాచుకునేటప్పుడు గురి దాని మీదే పెట్టండి.

ఏ రకం కొనాలి

పూర్తిగా మొగ్గలతో చేసింది బంగారు రంగులో మెరుస్తూ ఉంటుంది, దాన్ని జిన్‌యా అంటారు, బంగారు మొగ్గ అని. చూడ్డానికి బాగుంటుంది, ధర కూడా అలాగే ఉంటుంది. కానీ మొదటిసారి కొనేవాళ్లకు నా సలహా, ఒక మొగ్గ, ఒకటి రెండు ఆకులు కలిసిన రకం తీసుకోమనే. మొగ్గ తేనెలాంటి తీపిని, మెత్తదనాన్ని ఇస్తుంది, ఆకు నోటికి నిండుదనాన్ని ఇస్తుంది. రెండూ ఉంటేనే వగరు, తీపి ఒకదాని వెనక ఒకటి ఎలా వస్తాయో తెలుస్తుంది. ప్యాకెట్ మీద మావోఫెంగ్ అనో, గోంగ్‌ఫు అనో ఉంటే ఈ కోవలోదే. ఫెంగ్‌చింగ్ ఊరి పేరు, కోసిన ఏడాది, కోసిన కాలం రాసినవాళ్ల దగ్గర కొనండి, ఏవీ రాయకుండా ‘ప్రీమియం చైనీస్ టీ’ అని మాత్రమే ఉంటే వదిలేయండి. ఒకసారి నేను ఆన్‌లైన్‌లో ఒక చోట ఫోటో చూసి మోసపోయి తెప్పించాను, మొగ్గలు బంగారంలా ఉన్నాయి, కాచి చూస్తే అట్టపెట్టె వాసన. ఎన్నాళ్లు గోడౌన్‌లో పడుందో.

బంగారు రంగు గురించి కూడా తెలుసుకోండి. అది మొగ్గ మీదుండే నూగు. ఆకు నలిపినప్పుడు ఊరిన రసం నూగుకు పట్టి, గాలికి రంగు మారి అలా అవుతుంది. వసంతంలో కోసిన మొగ్గ నూగు లేత పసుపుగా, శరదృతువులో కోసింది ముదురు బంగారంలా ఉంటుంది. కాబట్టి రంగు ఎంత ముదురుగా ఉంటే అంత గొప్ప అనుకోవద్దు, చాలామంది ఎక్కువ ఇష్టపడేది వసంతకాలపు ఆకునే.

నీళ్లు

బోరు నీళ్లతో చేయకండి. హైదరాబాద్‌లో చాలా అపార్ట్‌మెంట్ల బోరు నీళ్లు ఎంత గట్టివో కెటిల్ అడుగున తెల్లగా పేరుకునే పొర చూస్తే తెలుస్తుంది. ఆ నీళ్లలో టీ మీద సన్నని తెట్టు కడుతుంది, రంగు ఎరుపు పోయి బురద గోధుమ రంగులోకి దిగుతుంది, వాసన నోరు మూసుకుంటుంది. అలాగని ఆర్‌వో నీళ్లు మరీ వట్టివైతే టీ డొల్లగా ఉంటుంది. నేను మున్సిపల్ నీళ్లను రాత్రి మూత లేకుండా గిన్నెలో ఉంచి, క్లోరిన్ వాసన పోయాక, అంతే కొలత ఆర్‌వో నీళ్లు కలుపుతాను. మీ దగ్గర టీడీఎస్ మీటర్ (నీళ్లలో కరిగిన లవణాలు ఎంతో చూపించేది) ఉంటే 50 నుంచి 150 మధ్య ఉండేలా చూసుకోండి, అంతకంటే లెక్కలు అక్కర్లేదు.

వేడి విషయంలో ఒక మంచి సంగతి ఉంది. కున్‌మింగ్ సముద్రమట్టానికి సుమారు 1,890 మీటర్ల ఎత్తులో ఉంటుంది, అక్కడ నీళ్లు 94 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. అంటే అక్కడివాళ్లు తెర్లే నీళ్లు పోసినా ఆకు మీద పడేది 94 డిగ్రీలే. విజయవాడలోనో విశాఖలోనో తెర్లే నీళ్లంటే 100, హైదరాబాద్‌లో 98. అదే వేడితో పోస్తే ముదురు ఆకు ఓర్చుకుంటుంది గానీ మొగ్గలు ఓర్చుకోలేవు, మొదటి కప్పులోనే వగరు ముందుకొచ్చేస్తుంది. కెటిల్ ఆగాక మూత తీసి ఒక నిమిషం, నిమిషంన్నర ఆగండి, 93, 95 మధ్యకు వస్తుంది. థర్మామీటర్ ఉంటే ఒకటి రెండుసార్లు చూసి మీ కెటిల్‌కు ఎంతసేపు పడుతుందో లెక్క కట్టుకోండి, తర్వాత దాని అవసరం ఉండదు. అచ్చంగా మొగ్గల టీ అయితే 88, 90 చాలు.

గిన్నె, కొలత

చైనాలో దీనికి వాడేది గైవాన్ అనే మూత ఉన్న పింగాణీ గిన్నె, కింద సాసర్ ఉంటుంది. 100 నుంచి 120 మిల్లీలీటర్లు పట్టేది తీసుకోండి. పెద్దది వద్దు, పెద్ద గిన్నెలో నీళ్లు ఒంపడానికి పట్టే టైమ్‌లోనే టీ ముదిరిపోతుంది. పక్కన ఒక గాజు జగ్గు కావాలి. ఆకు మీదనుంచి వంపిన టీ అంతా ముందు జగ్గులోకి వెళ్లి, అక్కడినుంచి కప్పుల్లోకి వెళితే అందరికీ ఒకే చిక్కదనం వస్తుంది. గైవాన్ లేకపోతే మూత ఉన్న చిన్న పింగాణీ గిన్నె, టీ జల్లెడ, రెండూ చాలు. స్టీలు గ్లాసు మాత్రం వద్దంటాను, చెయ్యి కాలుతుంది, పైగా టీ రంగు కనిపించదు, ఈ టీలో సగం సంగతి రంగులోనే తెలుస్తుంది.

గైవాన్ పట్టుకోవడం మొదట్లో టెన్షన్‌గానే ఉంటుంది. బొటనవేలు, మధ్యవేలు బయటికి విచ్చుకున్న అంచు మీద ఎదురెదురుగా, చూపుడువేలు మూత బొడిపె మీద. మూతను కాస్త పక్కకు జరిపి సన్నని సందు ఉంచి, ఆ సందు కిందికొచ్చేలా వంపాలి. అంచుదాకా నీళ్లు నింపితే వేళ్లు కాలడం ఖాయం, అంచు విచ్చుకోవడం మొదలయ్యే చోటే ఆపేయండి. రెండు రోజులు చన్నీళ్లతో ప్రాక్టీస్ చేసి ఆ తర్వాత వేడినీళ్లకు రండి.

110 మిల్లీలీటర్ల గిన్నెకు 5 గ్రాముల ఆకు. చెంచా లెక్క నమ్మొద్దు, మెలితిరిగిన పొడవాటి ఆకు చెంచాలో నిలవదు, మొగ్గలైతే బుస్సుమని ఉంటాయి. వంటింటి డిజిటల్ కాటా ఒకటి కొనుక్కోండి, ఈ మొత్తం సామానులో అన్నిటికంటే పనికొచ్చేది అదే.

పోయడం

గైవాన్‌లో వేడినీళ్లు పోసి, తిప్పి, పారబోయండి. వేడెక్కిన ఖాళీ గిన్నెలో పొడి ఆకు వేసి మూత పెట్టి, రెండుసార్లు మెల్లగా ఊపి, అర నిమిషం తర్వాత మూత కాస్త తీసి ముక్కు దగ్గర పెట్టుకోండి. ఇది దాటేయొద్దు. పొడి ఆకు చల్లగా ఉన్నప్పుడు ఏమీ చెప్పదు, ఈ ఆవిరి వేడికి మొదటిసారి నోరు విప్పుతుంది. కోకో పొడి, ఎండు ఖర్జూరం, హార్లిక్స్ సీసా మూత తీసినప్పుడు వచ్చే మాల్ట్ వాసన, వీటిలో ఏదో ఒకటి తగలాలి.

మొదటి నీళ్లు కడిగినట్టు పోసి పారబోయాలని కొందరంటారు. ఈ టీకి అది అనవసరం అని నా అభిప్రాయం, మొగ్గల నూగులోని తీపి మొదటి పది సెకన్లలోనే దిగుతుంది, దాన్ని సింక్‌లో పోయడానికి నాకు మనసొప్పదు.

నీళ్లు ఆకు నెత్తి మీద కాకుండా గిన్నె గోడ వెంట, సన్నని ధారగా పోయండి. మూత పెట్టి పది సెకన్లు, ఒంపేయండి. ఒంపేటప్పుడు ఆఖరి చుక్క దాకా ఒంపాలి. ఇక్కడే ఎక్కువమంది పొరపాటు చేస్తారు: అడుగున రెండు చెంచాల నీళ్లు మిగిలితే, మీరు కప్పు తాగుతున్నంతసేపూ ఆకు ఆ నీళ్లలో ఊరుతూనే ఉంటుంది, తర్వాతి విడత చేదెక్కుతుంది. రెండోసారి ఎనిమిది సెకన్లు చాలు, ఆకు అప్పటికే విచ్చుకుని ఉంటుంది కాబట్టి. మూడోది పన్నెండు, నాలుగోది ఇరవై, అయిదోది అర నిమిషం, ఆరోది ముప్పావు నిమిషం. ఆపైన ఒకటిన్నర నిమిషం, ఆఖరుగా మూడు నిమిషాలు. మంచి ఆకైతే ఏడెనిమిది విడతలు వస్తుంది, నాసిరకం మూడోదానికే చేతులెత్తేస్తుంది. ఈ సెకన్లు మీ ఆకుకు తగ్గట్టు మార్చుకోండి. మొదటి కప్పు చప్పగా ఉంటే రెండోదానికి నాలుగు సెకన్లు కలపండి, వగరు గట్టిగా ఉంటే తగ్గించండి, వేడిని మాత్రం మధ్యలో మార్చకండి. రెండూ ఒకేసారి మారిస్తే ఏది ఏం చేసిందో ఎప్పటికీ తెలియదు.

రుచి చూడటం

కప్పు ఎత్తడానికి ముందు మూత లోపలి వైపు వాసన చూడండి. మూతకు అంటిన ఆవిరిలో టీ వాసన కప్పులో కంటే స్పష్టంగా ఉంటుంది. వేడిగా ఉన్నప్పుడు ఒకటి, కాస్త చల్లారాక ఇంకొకటి వస్తుంది. మొదట కాల్చిన చిలగడదుంప (కందగడ్డ అన్నా, గెనుసుగడ్డ అన్నా అదే), తర్వాత తేనె, పూలు. ఏ వాసనా తట్టకపోతే కంగారు పడొద్దు, మన ఊళ్లో తెలిసిన వాసనల్లో దేనికి దగ్గరో వెతకండి. ప్యాకెట్ మీద మనం ఎప్పుడూ చూడని పూల పేర్లు రాసి ఉంటాయి, అవి మీ ముక్కుకు దొరక్కపోవడం మీ తప్పు కాదు. నాకు ఒక ఆకులో వేసవిలో కొత్త బెల్లం బుట్ట విప్పిన వాసన వస్తుంది, మా అమ్మకు అదే ఆకులో ఎండబెట్టిన పనస తొనలు గుర్తొస్తాయట. ఇద్దరమూ సరిగ్గానే చెప్తున్నాం.

రంగు తెల్ల కప్పులో చూడాలి. నారింజ కలిసిన ఎరుపు, అడుగు కనిపించేంత తేట, టీ గోడను తాకే చోట సన్నని బంగారు గీత. ఆ గీత ఉంటే ఆకు సరిగ్గా ఎర్రబడిందని గుర్తు.

ఇప్పుడు సగం చెంచా టీని సర్రుమని శబ్దం వచ్చేలా గాలితో కలిపి జుర్రుకోండి. ఇంట్లో పెద్దవాళ్లు తాగేటప్పుడు చప్పుడు చేయొద్దని చెప్పి ఉంటారు, టీ రుచి చూసేటప్పుడు మాత్రం ఆ చప్పుడు కావాలి. గాలి కలిస్తే టీ తుంపరగా మారి నోరంతా పడుతుంది, వాసన గొంతు వెనకనుంచి ముక్కులోకి ఎక్కుతుంది. మూడు సెకన్లు నోట్లో తిప్పి మింగండి. మింగాక మాట్లాడకుండా, నీళ్లు తాగకుండా కాసేపు ఊరుకోండి. నాలుక పక్కల వగరు ఎంతసేపుంది, అది కరిగిందా లేక అక్కడే అంటుకుని కూర్చుందా, గొంతులో తీపి ఎప్పుడు వచ్చింది, నోట్లో నీరు ఊరుతోందా ఎండిపోతోందా, ఈ నాలుగూ గమనించండి. కరిగి తీపైన వగరు మంచి ఆకుది. అంటుకుని కూర్చున్నది రెండు కారణాల వల్ల ఉంటుంది, ఆకు నాసిరకమైనా కావచ్చు, మీరు ఎక్కువసేపు ఉంచినా కావచ్చు, సెకన్లు తగ్గించి మళ్లీ పోస్తే ఏదో తేలిపోతుంది. మూడు, నాలుగు విడతల దగ్గర చిన్న మిరియపు ఘాటు కూడా తగులుతుంది కొన్ని ఆకుల్లో, నాకు అది చాలా ఇష్టం.

ఖాళీ కప్పును కూడా చల్లారాక ఒకసారి వాసన చూడండి. అడుగున అంటిన పొర చల్లారితే తేనెపట్టు వాసన వస్తుంది, మంచి ఆకులో చాలాసేపు నిలుస్తుంది.

అయిపోయాక తడి ఆకును పళ్లెంలో పరిచి చూడండి. రాగి చెంబు తోమినప్పటి రంగు, వేళ్ల మధ్య నలిపితే మెత్తగా, మొగ్గా ఆకూ విడిపోకుండా ఉంటే కోసినవాళ్లూ చేసినవాళ్లూ శ్రద్ధగా చేశారన్నమాట. అక్కడక్కడ ఆకుపచ్చ కనిపిస్తే సరిగ్గా ఎర్రబడలేదు, టీలో పచ్చివాసన దానివల్లే. బొగ్గులా నల్లగా గట్టిగా ఉండి నీళ్లలో కూడా విచ్చుకోకపోతే ఆరబెట్టేటప్పుడు మాడింది. పుల్లగా ఉంటే ఎర్రబడటం ఆపాల్సిన చోట ఆపలేదనో, తర్వాత తేమ పట్టిందనో అనుకోవచ్చు. వీటిలో ఏ ఒక్కటీ మీ చేతిలో బాగుపడేది కాదు, కొన్న చోటు మార్చడమే.

వగరు మీద పట్టు రావాలంటే ఒక పని చేయండి, ఒక్క సాయంత్రం చాలు. మూడు ఒకే రకం కప్పుల్లో తలా 2 గ్రాములు వేసి, తలా 100 మిల్లీలీటర్ల వేడినీళ్లు పోసి, ఒకటి నిమిషానికి, ఒకటి మూడు నిమిషాలకు, ఒకటి ఆరు నిమిషాలకు వడకట్టండి. ఆఖరిది టీ రుచి పరీక్షకు అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 3103 చెప్పే కొలతే, 100 మిల్లీలీటర్లకు 2 గ్రాములు, ఆరు నిమిషాలు. చైనా పరీక్షకులూ ఇదే పాళ్లలో, 150 మిల్లీలీటర్లకు 3 గ్రాములు వేసి, అయిదు నిమిషాలు ఉంచుతారు. అది హాయిగా తాగడానికి పెట్టిన కొలత కాదు, ఆకులో లోపం ఉంటే దాక్కోకుండా బయటపడటానికి. మూడూ ఒకే వేడికి చల్లారాక వరసగా తాగండి. ఒకే ఆకు మొదటి కప్పులో బెల్లం నీళ్లలా, మూడోదాంట్లో వక్క నమిలినట్టు ఎలా మారిందో నాలుక మీదే తెలుస్తుంది. ఆరు నిమిషాల కప్పులో కూడా వగరు వెనక తీపి వస్తే ఆ ప్యాకెట్ మళ్లీ కొనండి. నేను కొత్త ఆకు కొన్న ప్రతిసారీ మొదటి రోజు ఇదే చేస్తాను.

పొద్దున్నే ఇంత తీరిక ఎక్కడిదంటే, మగ్గు పద్ధతి ఉంది. 250 మిల్లీలీటర్ల నీళ్లకు రెండున్నర గ్రాములు, మూడు నిమిషాలు, వడకట్టేయడం. రుచిలో ఆ వరస, మార్పు ఉండవు గానీ, ఆఫీసుకు వెళ్లేముందు ఇది బాగానే సరిపోతుంది. ఎండాకాలంలో అర లీటరు చల్లని నీళ్లలో 5 గ్రాములు వేసి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టండి. చల్లని నీళ్లలో వగరు చాలా తక్కువ దిగుతుంది, తీపి బాగా దిగుతుంది, మే నెలలో మధ్యాహ్నం తాగితే ప్రాణం లేచొస్తుంది. వేడిగా చేసిన టీని ఫ్రిజ్‌లో పెడితే మాత్రం మబ్బు పట్టినట్టు అవుతుంది. చెడిపోయిందని పారబోయకండి, కెఫీన్, టీలోని ఎర్ర పదార్థాలు చల్లదనానికి ఒకదాన్నొకటి పట్టుకోవడం వల్ల అలా అవుతుంది, వేడి చేస్తే మళ్లీ తేటపడుతుంది. సరుకున్న టీకే ఇలా జరుగుతుంది, యునాన్ టీకి మరీను.

పాలు అస్సలు పోయకూడదా అని అడుగుతారు. ముక్కలైన ఆకు రకం పాలకు బాగానే నిలబడుతుంది, మీకు నచ్చితే పోసుకోండి. మొగ్గల రకంలో మాత్రం వద్దు, మీరు డబ్బు పెట్టి కొన్న వాసన మొత్తం పాలకింద పడిపోతుంది. పంచదార కూడా ఒక వారం ఆపి చూడండి, ఆ తిరిగొచ్చే తీపి పంచదార ఉంటే వినిపించదు. పరగడుపున తాగకండి, మొగ్గల్లో కెఫీన్ తక్కువేం కాదు, కొందరికి కళ్లు తిరుగుతాయి. రక్తహీనత ఉన్నవాళ్లు భోజనానికీ దీనికీ గంట ఎడం ఇవ్వాలి, భోజనంలోని ఐరన్ ఒంటికి పట్టకుండా టీ అడ్డుపడుతుంది.

చివరిగా దాచడం. టీ ఆకు పక్కనున్న వాసనను దూదిలా పీల్చేసుకుంటుంది. పోపుల డబ్బా ఉన్న అరలో, ఇంగువ పక్కన పెట్టారో, రెండు వారాల్లో మీ దియన్‌హోంగ్ సాంబారు గుర్తుచేస్తుంది. ఫ్రిజ్ కూడా వద్దు, తీసి పెట్టినప్పుడల్లా ఆకుకు చెమ్మ పడుతుంది. బిగుతైన మూత ఉన్న రేకు డబ్బాలో, బట్టల బీరువాలాంటి చీకటి చోట పెట్టండి, కలరా ఉండలు లేని బీరువా అయితేనే. కోస్తా ఊళ్లలో వానాకాలం గాలిలో తేమ ఎక్కువ కాబట్టి పెద్ద ప్యాకెట్ ఒకేసారి విప్పకుండా 50 గ్రాముల చొప్పున విడివిడిగా కట్టుకుని, ఒకటి అయ్యాకే ఇంకొకటి తీయండి. ఇలా ఉంచితే రెండేళ్లు హాయిగా నిలుస్తుంది.